బూడిదకు కొత్త చోటు అడుగుతున్నారా? ముందు ఈ లెక్కలు అడగండి



ఈసారి చాకీ గురించి, గూళ్ళ రేటు గురించి కాకుండా బొగ్గు కరెంటు ప్లాంటు బూడిద గురించి రాస్తున్నాను. పట్టు రైతుకి బూడిదతో ఏం పని అనుకోవద్దు. మన గ్రూపులో రాయచూరు, బళ్ళారి వైపు వాళ్ళున్నారు. మేట్టూరు వైపు, నాగపూర్ వైపు, ఒడిశాలో తాల్చేరు వైపు వాళ్ళున్నారు. ఈ అన్ని చోట్లా బొగ్గు ప్లాంట్లు ఉన్నాయి. ప్లాంటు ఉన్నచోట బూడిద చెరువు ఉంటుంది. ఆ చెరువు నిండినప్పుడు కొత్త చోటు కావాలంటారు. ఆ చోటు ఎవరి పొలం పక్కన వస్తుందన్నదే మనకి ముఖ్యం.

ముందు నా సంగతి చెప్తాను. నాకు రెండెకరాల వి-1 తోట, ఒక షెడ్డు ఉన్నాయి. పాత బూడిద చెరువు మా తోటకి నాలుగు కిలోమీటర్ల దూరం. రెండేళ్ళ కింద ఎండాకాలం పంటకి 250 గుడ్లు దించాను. మూడో జ్వరం లేచాక రెండు రోజులు విపరీతమైన గాలి. రెండో రోజు సాయంత్రం ఆకు కోస్తుంటే మా ఇంటామె, "ఏమండీ, ఆకు చేతికి గరగరమంటోంది, చూడండి" అంది. చూస్తే ఆకు మీద సన్నని బూడిద రంగు పొర. కొమ్మలు దులిపి వేశాం. పురుగు సరిగా తినలేదు, ఎదుగుదల ఒక్క సమంగా రాలేదు. 100 గుడ్లకి 65 కిలోలు తీసేవాణ్ణి, ఆసారి 40 కూడా రాలేదు.

అర్జీ పట్టుకుని ఆఫీసుకి పోయాను. అక్కడి సారు నాలుగే మాటలు అడిగాడు. ఏ తేదీ? గాలి ఏ వైపు నుంచి? ఆకు నమూనా దాచావా? షెడ్డులో ఆ రోజు వేడి ఎంత? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ ఎండకి షెడ్డు కూడా వేడెక్కింది. నష్టం బూడిద వల్లే అని నేను ఇప్పటికీ రుజువు చేయలేను. అర్జీ అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు మా పంచాయితీకి కాగితం వచ్చింది. ఉన్న చెరువు నిండబోతోందట, కొత్త చోటు చూస్తున్నారట. అందులో రాసిన సర్వే నంబర్లు మా తోటలకి గాలి వచ్చే వైపు ఉన్నాయి. ఈసారి ఖాళీ చేతులతో పోకూడదని ఇంజనీరింగ్ చదివిన మా పక్కింటి అబ్బాయిని కూర్చోబెట్టుకుని నెల రోజులు కాగితాలు చదివాను. అర్థమైంది మీకు చెప్తున్నాను.

బూడిద ఎంత వస్తుంది?

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. 100 కిలోలు కాలిస్తే 30 నుంచి 45 కిలోల దాకా బూడిదే మిగులుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. సుమారు 80 శాతం ముఖానికి రాసుకునే పౌడరులా సన్నగా పొగతో పైకి పోతుంది. దాన్ని చిమ్నీకి ముందే యంత్రాలతో పట్టేస్తారు. అదే ఫ్లై యాష్. మిగతా 20 శాతం బాయిలర్ అడుగున గరుకుగా పడుతుంది, అది అడుగు బూడిద.

ఒక 1000 మెగావాట్ల ప్లాంటు తీసుకుందాం. 70 శాతం లోడుతో నడిస్తే రోజుకి 1 కోటి 68 లక్షల యూనిట్లు. యూనిట్‌కి సుమారు 700 గ్రాముల బొగ్గు వేసుకుంటే రోజుకి 11,760 టన్నులు. అందులో 35 శాతం బూడిద అంటే రోజుకి 4,100 టన్నుల పైమాటే. ఏడాదికి 15 లక్షల టన్నులు.

టన్ను బూడిద సుమారుగా ఒక ఘనపు మీటరు చోటు పడుతుంది. పది మీటర్ల ఎత్తు నింపితే ఒక హెక్టారులో లక్ష టన్నులు పడతాయి. అంటే బూడిద అంతా చెరువుకే పంపితే ఏడాదికి 15 హెక్టార్లు, మన లెక్కలో 37 ఎకరాలు. 25 ఏళ్ళకి 925 ఎకరాలు.

అదే ప్లాంటు 80 శాతం బూడిదను సిమెంటుకి, ఇటుకలకి, రోడ్లకి పంపేస్తే మిగిలేది 3 లక్షల టన్నులే. ఏడాదికి ఏడున్నర ఎకరాలు చాలు. 25 ఏళ్ళకి 185 ఎకరాలు.

ప్లాంటు అదే, బొగ్గు అదే. 925 ఎకరాలు ఎక్కడ, 185 ఎకరాలు ఎక్కడ! కాబట్టి "ఎన్ని ఎకరాలు కావాలి?" అనే ప్రశ్నకి ముందు అడగాల్సింది "ఏడాదికి ఎంత బూడిద బయటికి పంపుతున్నారు?" అని. మనం గుడ్లు దించే ముందు ఆకు లెక్క చూసుకుంటాం కదా. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైగా ఐదో దశలోనే తింటుంది. మొదట్లో ఆకు చాలినట్టే కనిపిస్తుంది, చివరి వారంలో కదా అసలు సంగతి తెలిసేది. బూడిద చెరువూ అంతే. మొదటి పదేళ్ళు చోటు బోలెడు ఉన్నట్టు ఉంటుంది, ఆఖరున ఒక్కసారిగా పొలాల మీదికి వస్తారు.

చోటు సంపాదించే దారులు

బూడిదకి చోటు కావాలంటే కొత్త భూమి ఒక్కటే దారి కాదు.

మొదటిది, ఉన్న చెరువు కట్ట ఎత్తు పెంచడం. కొద్ది మీటర్ల చొప్పున విడతలుగా లేపుతారు. కొత్త కట్టను లోపలి వైపు, పేరుకున్న బూడిద మీదే కడితే ఖర్చు తక్కువ. కానీ కింద బూడిదలో నీరు ఇంకకుండా ఉంటే కట్ట బలం తగ్గుతుంది. బయటి వైపు గట్టి నేల మీద కడితే బలం ఎక్కువ, కానీ మట్టి, భూమి ఎక్కువ పడతాయి.

రెండోది, బొగ్గు తీసేసిన పాత గనుల గుంతలు నింపడం. ఒడిశాలో తాల్చేరు దగ్గర సౌత్ బలండా పాత గనిలో ఇలాగే బూడిద నింపారు. గని దగ్గరున్న ప్లాంట్లకి ఇది కుదురుతుంది. గనికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన రాయచూరు వంటి చోట్ల రవాణా ఖర్చు చూసుకోవాలి.

మూడోది, నీళ్ళు తగ్గించి పంపడం. పాత పద్ధతిలో ఒక టన్ను బూడిదకి ఐదు నుంచి పది టన్నుల నీళ్ళు కలిపి పైపుల్లో చెరువుకి పారిస్తారు. కొత్త పద్ధతిలో చిక్కటి జావలా చేసి పంపుతారు. అది చెరువులో త్వరగా గట్టిపడుతుంది, నీళ్ళ ఖర్చూ, ఇంకుడూ తగ్గుతాయి.

నాలుగోది, పాత చెరువును తవ్వి ఖాళీ చేయడం. రోడ్డు కట్టలకీ, ఇటుకలకీ ఆ బూడిద పనికొస్తుంది. ఒక పాత చెరువు ఖాళీ అయితే అదే కొత్త చోటు. దానికి ఎవరి పహణీలోనూ పేరు మారక్కర్లేదు. కాగితాల్లో ఈ మాట ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది, మనం మొదటి పేజీలోకి తేవాలి.

ఐదోది, కొత్త చెరువు. మిగతా నాలుగూ చూశాక రావాల్సిన దారి ఇది.

చట్టం ఏమంటోంది?

కేంద్ర పర్యావరణ శాఖ 1999లో మొదటిసారి బూడిద వాడకం మీద నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత చాలాసార్లు మార్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2021 డిసెంబరు 31న వచ్చింది. అందులో మనకి పనికొచ్చేవి ఇవి.

ప్లాంటు తన బూడిదను 3 నుంచి 5 ఏళ్ళ గడువులో 100 శాతం వాడకానికి పంపాలి. గడువు ముగిశాక మిగిలిన ప్రతి టన్నుకి 1000 రూపాయల పర్యావరణ పరిహారం కట్టాలి.

పాత చెరువుల్లో పేరుకున్న బూడిదను కూడా 10 ఏళ్ళలో విడతలుగా వాడేయాలి. గట్టిపరిచి, పైన పచ్చదనం పెంచి సరిగా మూసేసిన చెరువులకి మినహాయింపు ఉంది.

అత్యవసరానికి తాత్కాలిక చెరువు ఉండొచ్చు. దానికి మెగావాట్‌కి 0.1 హెక్టారు లెక్క. 1000 మెగావాట్లకి 100 హెక్టార్లు, అంటే 247 ఎకరాలు. రాయచూరు శక్తినగర్ ప్లాంటు 1720 మెగావాట్లది. దానికి ఈ లెక్క వేస్తే 172 హెక్టార్లు, 425 ఎకరాలు అవుతుంది. మీ దగ్గరి ప్లాంటు మెగావాట్లు తెలిస్తే ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. పాత చెరువులు, కొత్తది కలిపి ఎంత అవుతోంది, ఎందుకు అంత అని అడగొచ్చు.

ఒక జాగ్రత్త. "మా బూడిద 95 శాతం వాడుతున్నాం" అని చెబితే అంతటితో సంతోషపడొద్దు. 2021-22లో దేశం మొత్తం మీద సుమారు 27 కోట్ల టన్నుల బూడిద వస్తే, దాదాపు 96 శాతం వాడినట్టు లెక్క. కానీ ఆ వాడకంలో సిమెంటు, ఇటుకలతో పాటు పల్లపు నేలలు నింపడం కూడా ఉంటుంది. మన ఊరి కుంటలో, వాగు పక్క పల్లంలో పోసినా వాడకమే అవుతుంది. అలా పల్లం నింపాలంటే ముందుగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. రాత్రిళ్ళు టిప్పర్లు వచ్చి పోస్తుంటే ఆ అనుమతి కాగితం చూపించమనండి.

మన ఆకుకి వచ్చే తంటా

చెరువులో బూడిద తడిగా ఉన్నంతకాలం ఎగరదు. ఎండాకాలంలో అంచులు ఎండిపోతాయి. గాలికి లేచేది ఆ ఎండిన భాగమే. అందుకే నీళ్ళు చల్లే పైపులు చుట్టూ ఉండాలి, నిండిన భాగం మీద మట్టి కప్పి గడ్డి పెంచాలి, గాలి వైపు చెట్ల వరుసలు ఉండాలి. చెట్లు చెరువు తవ్వే ముందే నాటాలి. నిండాక నాటితే ఏం లాభం?

మిగతా పంటలకి దుమ్ము పడితే ఒక వాన కడిగేస్తుంది. మనకి అలా కుదరదు. మనం అమ్మేది ఆకు కాదు, ఆ ఆకు తిన్న పురుగు కట్టిన గూడు. దుమ్ము ఆకు వేస్తే పురుగు సరిగా తినదు. కడిగి వేద్దామంటే తడి ఆకు రోగాలకి దారి. కొమ్మ మేపుడు చేసేవాళ్ళు రోజుకి ఎన్ని మోపులు కడుగుతారు, ఎక్కడ ఆరబెడతారు? విచారణలో ఈ మాట గట్టిగా చెప్పాలి. పట్టు పెంపకం తెలియని అధికారికి ఇది తట్టదు.

ఇంకోటి ఫ్లోరైడు. బొగ్గు కాల్చే చోట ఫ్లోరైడు గాలిలోకి వస్తుంది. మల్బరీ ఆకు దాన్ని పట్టుకుంటుంది, పట్టుపురుగుకి అది విషం. చైనాలో ఇటుక బట్టీల పక్కన పట్టు పంటలు ఇలా దెబ్బతిన్నాయి. కాబట్టి ఆకు పరీక్ష అడిగేటప్పుడు దుమ్ముతో పాటు ఫ్లోరైడు కూడా చూడమని అడగాలి.

తర్వాత నీళ్ళు. బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం, బోరాన్ వంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి. చెరువు అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటు గానీ గట్టిగా దిమ్మిసు చేసిన బంకమట్టి గానీ లేకపోతే అవి నీళ్ళతో కిందికి దిగి బోర్లలోకి చేరవచ్చు. చెరువు నిండాక షీటు పరవలేరు. అది మొదటి రోజు పని.

జరిగిన సంగతులు

నాగపూర్ జిల్లాలో కోరాడి, ఖాపర్‌ఖేడా అని రెండు పెద్ద బొగ్గు ప్లాంట్లున్నాయి. ఆ ప్రాంతంలోనే నంద్‌గావ్ బూడిద చెరువు మీద ఊరివాళ్ళు గట్టిగా ఫిర్యాదు చేశారు. 2022 ఫిబ్రవరిలో అప్పటి మహారాష్ట్ర పర్యావరణ మంత్రి ఆదిత్య ఠాక్రే అక్కడ బూడిద పోయడం ఆపమన్నారు. చోటు దొరికింది కదా అని పోసేస్తే అయిపోదు, పోశాక ఆపాల్సి వస్తే ప్లాంటుకీ నష్టమే.

అదే ఏడాది జూలైలో భారీ వానలకి కోరాడి దగ్గర ఖసాళా బూడిద చెరువు కట్ట తెగింది. బూడిద నీళ్ళు చుట్టుపక్కల పొలాల్లోకి పారాయి.

2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్ సింగ్రౌలీ జిల్లా సాసన్‌లో బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. ఏప్రిల్ అంటే వానాకాలం కూడా కాదు. కాబట్టి కట్ట భయం వానలప్పుడే అనుకోవద్దు.

విచారణలో ఏం అడగాలి?

పర్యావరణ అనుమతి కోసం బహిరంగ విచారణ పెడితే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పేపర్లో వేయాలి. రిపోర్టు సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కలెక్టరు (మా కర్ణాటకలో డి.సి. అంటాం) లేదా ఆయన పంపిన పెద్ద అధికారి ముందు జరుగుతుంది, వీడియో తీస్తారు. చివర్లో మనం చెప్పిన మాటల్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. వినకుండా లేచి రావద్దు. మీరు చెప్పింది అందులో లేకపోతే అక్కడే చెప్పండి. సభకి పోలేకపోతే రాతపూర్వకంగా కాలుష్య మండలికి పంపొచ్చు.

పాత ప్లాంటుకి కొత్త చెరువు అన్నప్పుడు ప్రతిసారీ విచారణ ఉండదు. పాత అనుమతిలో సవరణతోనే సరిపెట్టవచ్చు. అందుకే మొదటి ప్రశ్న అదే.

1. దీనికి విచారణ ఉందా, లేక సవరణేనా? ఆ దరఖాస్తు నకలు ఇవ్వండి.
2. గత మూడేళ్ళలో ఏడాదికి బూడిద ఎంత వచ్చింది, ఎక్కడికి ఎంత పోయింది? సిమెంటుకి ఎంత, పల్లాలు నింపడానికి ఎంత, విడివిడిగా చెప్పండి.
3. పాత చెరువులో ఎంత బూడిద ఉంది? ఏడాదికి ఎంత తీస్తారు?
4. కట్ట పెంచే ఆలోచన ఉంటే కొత్త కట్ట బూడిద మీదా, నేల మీదా? ఏటా భద్రత తనిఖీ చేసిన సర్టిఫికెట్ ఏది?
5. అడుగున షీటు ఉందా? చుట్టూ నీటి పరీక్ష బోర్లు ఎన్ని, చివరి పరీక్ష ఎప్పుడు?
6. ఏ నెలలో గాలి ఎటు వీస్తుందో చూపే పటంలో మా మల్బరీ తోటలు గుర్తించారా?
7. ఆకు మీద దుమ్ము ఎవరు కొలుస్తారు? పంట పోతే పరిహారం ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారు?
8. చెరువు నిండాక మూసే ఖర్చు ఇప్పుడే పక్కన పెట్టారా?

అనుమతి ఉన్న ప్రతి ప్లాంటు ఆరు నెలలకోసారి, జూన్ 1కీ డిసెంబరు 1కీ, షరతులు ఎంత పాటించిందో రిపోర్టు ఇవ్వాలి. అది అందరూ చూడదగ్గ కాగితమే. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి.

ఇంటి దగ్గర మన పని

నా అర్జీ ఆగిపోయింది కాబట్టి చెప్తున్నాను. ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి పంటకి గుడ్లు దించిన తేదీ, షెడ్డు వేడి, తేమ, గాలి వైపు, దిగుబడి రాయండి. ఆకు మీద దుమ్ము కనిపించిన రోజు తేదీ పడేట్టు ఫోటో తీయండి. కొన్ని ఆకులు శుభ్రమైన కవరులో వేసి, తేదీ రాసి, ఆ రోజే మీ దగ్గరి పట్టు శాఖ టెక్నికల్ సర్వీస్ సెంటర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకో తోట రైతుతో కలిసి పోతే మంచిది. ఒక్కడి మాట కన్నా రెండు తోటల లెక్క బరువు. కొత్త చెరువు రాకముందే మీ బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించి కాగితం దాచండి. రేపు తేడా చూపాలంటే ఇవాళ్టి లెక్క కావాలి కదా.

మూసిన బూడిద చెరువు మీద మల్బరీ వేసుకోండి, పశువులకి మేత పెంచుకోండి అని ఎవరైనా చెప్తే, మట్టీ ఆకూ పరీక్ష కాగితం చూడకుండా ఒప్పుకోవద్దు.

ప్లాంటు వద్దనడానికి ఇది రాయలేదు. మా షెడ్డులో లైటూ, ఫాగరూ ఆ కరెంటుతోనే నడుస్తున్నాయి. మా ఊరి పిల్లలు కొందరికి అక్కడ ఉద్యోగాలున్నాయి. నేను అడిగేది ఒక్కటే. పాతది ఖాళీ చేసే లెక్క చూపించాకే కొత్తది అడగాలి.

మా ఊరి సభకి ఈ ఎనిమిది ప్రశ్నలూ రెండు కాగితాల మీద రాసి, పదకొండు మంది తోట రైతులం సంతకాలు పెట్టాం. ఏం జవాబు వచ్చిందో తర్వాతి సంచికలో రాస్తాను. మీ వైపు బూడిద చెరువు ఉంటే తోటకి ఎంత దూరమో, గాలి ఏ వైపు నుంచో ఈ గ్రూపులో పెట్టండి. వాయిస్ మెసేజ్ అయినా ఫరవాలేదు.